బాడ్ రేట్ వెనక ఓ రైతు బిడ్డ

సీ లాంగ్వేజ్ నేర్చుకునే రోజుల్లో దాదాపు అందరం ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఉంటాం. 1 నుంచి 100 దాకా లెక్కపెడుతూ, పని ఎంత శాతం అయ్యిందో టెర్మినల్ మీద చూపించేది. ప్రింట్‌ఎఫ్ చివర బ్యాక్‌స్లాష్ ఎన్ పెడితే 100 లైన్లు వరసగా కిందికి జారిపోతాయి. అప్పుడు పక్క బెంచీ సీనియర్ ఎవరో వచ్చి, ఆ ఎన్ తీసేసి ఆర్ పెట్టి చూడమంటారు. పెడితే తమాషా! ఒకటే లైను, అదే చోట అంకె మాత్రం మారుతూ పోతుంది. పాతదాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది.

ఆర్ అంటే క్యారేజ్ రిటర్న్ అని బట్టీ పట్టేస్తాం. బండి వెనక్కి రావడం అన్నమాట. ఏ బండి? ఎక్కడి నుంచి ఎక్కడికి? ఇది ఇంటర్వ్యూలో నన్నెవరూ అడగలేదు కానీ, నేను నా బ్లాగ్ కోసం వెతుక్కుంటూ వెళ్తే అది టెలిగ్రాఫ్ రోజులకు తీసుకెళ్లింది. అక్కడ కనిపించిన మనిషి పేరు మనందరికీ తెలుసు. తెలుసన్న సంగతే మనకు తెలియదు. ఆర్డుయినో బోర్డు ముందు కూర్చుని సీరియల్ మానిటర్‌లో 9600 బాడ్ అని ఎంచుకున్న ప్రతిసారీ మనం పలికేది ఆయన ఇంటిపేరే. పూర్తి పేరు జాన్ మోరిస్ ఎమీల్ బోదో. ఆ ఇంటిపేరును సగానికి కత్తిరించి మనం బాడ్ చేసుకున్నాం.

పొలం నుంచి తంతి ఆఫీసుకు

బోదో 1845 సెప్టెంబర్ 11న ఫ్రాన్స్‌లోని ఓట్ మార్న్ జిల్లాలో మాన్యో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి రైతు. ఊళ్లో ఉన్న ప్రాథమిక పాఠశాల, అంతే ఆయన చదువు. ఆ తర్వాత కాలేజీ లేదు, ఇంజినీరింగ్ లేదు. తండ్రితోపాటు పొలం పనులు చేశాడు. 1869లో, అంటే 24 ఏళ్లు నిండబోతున్నప్పుడో అప్పుడే నిండాకో, ఫ్రెంచ్ తపాలా తంతి శాఖలో అప్రెంటిస్ ఆపరేటర్‌గా చేరాడు. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే, చిన్న గవర్నమెంట్ ఉద్యోగం. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునే ఉద్యోగం.

శాఖ ఆయనకు ముందు మోర్స్ టెలిగ్రాఫ్ నేర్పింది. తర్వాత హ్యూస్ యంత్రం మీద 4 నెలల ట్రైనింగ్‌కి పంపింది. ఈ 4 నెలలే ఆయన జీవితాన్ని తిప్పేశాయి. మోర్స్‌లో చుక్కలు, గీతలు చెవితో విని మనిషి రాసుకోవాలి. హ్యూస్ యంత్రం అలా కాదు, అవతలి ఊళ్లో నేరుగా అక్షరాన్నే కాగితం మీద అచ్చువేస్తుంది. దాని కీబోర్డు చూడ్డానికి పియానోలా ఉండేది. రెండు ఊళ్లలోనూ అక్షరాల చక్రాలు ఒకే వేగంతో తిరుగుతుంటాయి. కావాల్సిన అక్షరం ఎదురుగా వచ్చిన క్షణాన తీగలో కరెంటు పోతే, అవతల ఆ అక్షరం అచ్చు పడుతుంది. గొప్ప యంత్రమే. కానీ ఆ అక్షరం వచ్చేదాకా తీగ ఖాళీగా ఎదురు చూడాలి. వందల కిలోమీటర్ల పొడవునా స్తంభాలు పాతి, తీగ లాగి, చివరికి దాన్ని ఎక్కువ సమయం ఊరికే ఉంచడం. బోదో పట్టుకున్న పాయింటు ఇదే.

ఇంతలో 1870లో ఫ్రాన్స్‌కి, ప్రష్యాకి యుద్ధం వచ్చింది. కొద్దికాలం అందులో పనిచేసి 1872లో మళ్లీ పారిస్‌లో డ్యూటీకి వచ్చాడు. తీగను నలుగురూ పంచుకునేలా చేయొచ్చేమో చూడమని శాఖ ప్రోత్సహించింది. ప్రోత్సాహమంటే మాటసాయం. పని మాత్రం ఆఫీసు అయ్యాక, సొంత టైమ్‌లో చేసుకోవాలి. ఖర్చు కూడా చాలాసార్లు సొంతానిదే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆయనకు ఒంట్లో బాగుండకపోవడం మొదలైంది. తరచూ సెలవులు పెట్టాల్సి వచ్చేది, ఒకసారైతే నెల రోజులు. ఆ అనారోగ్యం జీవితాంతం వదల్లేదు.

5 మీటలు, 1 తీగ

1874 జూన్‌లో బోదో పేటెంట్ తీసుకున్నాడు. అందులో ఉన్న ఆలోచన ఇప్పుడు మనకు ఫస్ట్ ఇయర్ సిలబస్. అప్పటికి అది కొత్త.

ప్రతి అక్షరాన్నీ 5 సమానమైన ముక్కలుగా పంపాలి. ఒక్కో ముక్కలో కరెంటు ఉంటుంది, లేదా ఉండదు. 5 చోట్ల రెండేసి అవకాశాలంటే మొత్తం 32 కలయికలు. మోర్స్‌లో ఒక అక్షరం పొట్టి, ఇంకోటి పొడుగు. ఇక్కడ అన్నీ ఒకే కొలత. ఒకే కొలత ఉంటేనే యంత్రానికి ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. 32 చాలవు కదా, అక్షరాలు, అంకెలు, కామాలు, ఫుల్‌స్టాప్‌లు ఉన్నాయి కదా అంటారా? దానికో ఉపాయం. రెండు కలయికలను షిఫ్ట్ కోసం పక్కన పెట్టాడు. ఒకటి కొడితే ఇక వచ్చేవన్నీ అక్షరాలు, ఇంకోటి కొడితే ఇక వచ్చేవన్నీ అంకెలు, గుర్తులు. అచ్చు పడకుండా, యంత్రానికి ఆజ్ఞ మాత్రం ఇచ్చే సంకేతం అన్నమాట. మన బ్యాక్‌స్లాష్ ఆర్ పుట్టింది ఈ కుటుంబంలోనే.

ఇక తీగ పంచుకోవడం. దీనికి డిస్ట్రిబ్యూటర్ అనే భాగం వాడాడు. లోహపు ముక్కలు వలయంగా అమర్చి ఉంటాయి. వాటి మీదుగా బ్రష్ తిరుగుతుంటుంది. వలయాన్ని 4 భాగాలు చేస్తే, ఒక్కో భాగం ఒక్కో ఆపరేటర్‌ది. బ్రష్ తన భాగం మీదికి వచ్చినంతసేపు తీగ ఆయన సొంతం, ఆ కాసేపట్లోనే 5 ముక్కలూ వెళ్లిపోతాయి. తర్వాత పక్కవాడి వంతు. అవతలి ఊళ్లో కూడా అలాంటి బ్రషే, అదే వేగంతో తిరుగుతూ, ఎవరి ముక్కల్ని వాళ్ల ప్రింటర్‌కి పంచుతుంది. కమ్యూనికేషన్ సిస్టమ్స్ పేపర్లో టైమ్ డివిజన్ మల్టిప్లెక్సింగ్ అని 8 మార్కుల ప్రశ్న వస్తే, బొమ్మ గీసేటప్పుడు ఈ 4 ఆపరేటర్లను గుర్తు తెచ్చుకోండి. బొమ్మ దానంతటదే వచ్చేస్తుంది.

ఇందులో ప్రతి ముక్కా ఆయన కనిపెట్టిందేనా? కాదు. అచ్చువేసే సూత్రం హ్యూస్‌ది. డిస్ట్రిబ్యూటర్ ఆలోచన 1871లో మేయర్ అనే ఆయన చేసిన యంత్రంలో ఉంది. 5 ముక్కల కోడ్ అంతకు చాలా ముందే జర్మనీలో గౌస్, వెబర్ వాడారు. వీటిని ఒక్కచోట చేర్చి, రోజూ నడిచే సర్వీసులో తప్పుల్లేకుండా పనిచేసేలా చేసింది బోదో. నా లెక్కలో ఇదేం తక్కువ పని కాదు. లైబ్రరీలు అందరికీ దొరుకుతాయి, ప్రాడక్ట్ మాత్రం ఎవరో ఒకరే చేస్తారు.

ఆపరేటర్ ముందు ఉండేది 5 మీటలే. ఎడమచేతి 2 వేళ్లు, కుడిచేతి 3 వేళ్లు. ఏ అక్షరానికి ఏ మీటలు కలిపి నొక్కాలో బుర్రలో ఉండాలి. బోదో అచ్చుల్ని కుడిచేతి 3 మీటల్లోనే సర్దేశాడు. ఏ కి మొదటి మీట ఒక్కటే, ఈ కి రెండోది ఒక్కటే. హల్లులకు ఎడమచేయి కూడా కలవాలి. నేర్చుకునేవాడి వేళ్ల గురించి ఆలోచించిన మనిషి అని ఇక్కడే తెలుస్తుంది. ఆయనే స్వయంగా ఆపరేటర్ కదా మరి.

అసలు కష్టం లయతో. బ్రష్ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా తర్వాతి అక్షరం కొట్టకూడదు. యంత్రం టక్ అని చప్పుడు చేస్తుంది, అప్పుడు కొట్టాలి. నిమిషానికి 30 పదాల చొప్పున, గంటల తరబడి, ఆ టక్ టక్‌తోనే వేళ్లు నడవాలి. లయ తప్పితే అవతల తప్పు అక్షరం పడుతుంది. మనం సీరియల్ మానిటర్‌లో బాడ్ రేట్ తప్పుగా పెడితే పిచ్చి గుర్తులు వస్తాయే, ఆ జబ్బుకు ఇది తాత. అవతలివాడి గడియారం, మన గడియారం కలవకపోవడమే రెండింటిలోనూ రోగం.

పతకం అమ్ముకున్న ఏడాది

1875లో శాఖ ఆ యంత్రాన్ని ఒప్పుకుంది. 1877 నవంబర్ 12న పారిస్, బోర్డో మధ్య తొలి పరీక్ష జరిగింది. ఆ ఏడాది చివరికి సుమారు 1700 కిలోమీటర్ల పారిస్ - రోమ్ లైను మీద కూడా పెట్టారు. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో బంగారు పతకం. పల్లెటూరి బడి చదువుతో వచ్చినవాడు 33 ఏళ్లకు ప్రపంచం కంట్లో పడ్డాడు.

ఇక్కడితో కథ ఆపేస్తే సక్సెస్ స్టోరీ. కానీ 1880లో ఏమైందో చూడండి. ఆ ఏడాదే ఆయనకు కంట్రోలర్‌గా ప్రమోషన్ వచ్చింది. అదే ఏడాది ఆ బంగారు పతకాన్ని అమ్మేసుకోవాల్సి వచ్చింది. ప్రయోగాలకు డబ్బు లేక! శాఖ నుంచి వచ్చిన సాయం అంతంతమాత్రం. ఆయన యంత్రం వల్ల శాఖకు కొత్త తీగలు లాగే ఖర్చు మిగులుతున్న రోజుల్లోనే ఇది జరిగింది. 1882లో ఇన్‌స్పెక్టర్ ఇంజినీర్ హోదా ఇచ్చారు. ఇంజినీరింగ్ చదవని మనిషికి పేరు పక్కన ఇంజినీర్ అని చేరింది.

దీనికన్నా బాధాకరమైన కథ ఇంకోటి నడుస్తోంది. అదే శాఖలో లూయీ విక్టర్ మిమో అనే మరో ఆపరేటర్ ఉండేవాడు. ఆయన కూడా 1874లోనే టెలిగ్రాఫ్ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పద్ధతిలో 5 తీగలు, విడివిడిగా. శాఖ తిరస్కరించింది. మార్చి మళ్లీ తెస్తే మళ్లీ తిరస్కరించింది. ఈలోపు, కొన్ని వారాల ముందే, బోదో పేటెంట్ దాఖలైపోయింది. ముందు ఆలోచన నాదేనంటూ మిమో 1877లో కోర్టుకెళ్లాడు. శాఖతో సంబంధం లేని ముగ్గురు నిపుణులు పరిశీలించాక కోర్టు మిమో వైపే తీర్పు చెప్పింది. కోడ్ మీద మొదటి హక్కు మిమోది, బోదో పేటెంట్లు దానికి మెరుగులు మాత్రమే అని. ఆ తీర్పుతో ఇద్దరికీ తృప్తి లేదు. చివరికి అది రద్దయింది, కోర్టు ఖర్చులన్నీ మిమో నెత్తిన పడ్డాయి.

మిమో మనసు చెదిరిపోయింది. ఒకసారి ఎకోల్ పాలిటెక్నిక్ విద్యార్థుల మీద కాల్పులు జరిపి గాయపరిచాడు. ఆ కేసు కొట్టేశారు. తర్వాత తన పేటెంట్ల గడువు పెంచాలని, లక్ష ఫ్రాంకులు ఇవ్వాలని, లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం కావాలని డిమాండ్ చేశాడు. టెలిగ్రాఫ్ పరిశోధన విభాగం పెద్ద జూల్స్ రెనో నేతృత్వంలోని కమిషన్ కుదరదంది. ఆ మాట విన్న మిమో రెనోని కాల్చి చంపేశాడు. పదేళ్ల కఠిన శిక్ష, ఇరవై ఏళ్ల ప్రవాసం పడ్డాయి.

ఇద్దరిలో న్యాయం ఎవరిది? నేను చాలాసేపు ఆలోచించాను. 5 ముక్కల కోడ్ మాటకొస్తే ఇద్దరిదీ కాదు, గౌస్, వెబర్‌ల సంగతి పైనే చెప్పుకున్నాం. తేడా తీగలో ఉంది. మిమోది 5 తీగల మీద ఒకేసారి, అంటే ఇవాళ్టి భాషలో ప్యారలల్. బోదోది ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి, అంటే సీరియల్. ఊళ్ల మధ్య దూరం పెరిగేకొద్దీ ఏది చవకో లెక్క వేయక్కర్లేదు. యూఎస్‌బీలో ఎస్ అంటే ఏంటో మీకు తెలుసు. అయినా మిమో మీద జాలి కలగకుండా పోదు. ఒకే ఆఫీసు, ఒకే ఉద్యోగం, ఒకే రకం కల, కొన్ని వారాల తేడా.

1887లో అట్లాంటిక్ సముద్రం అడుగున ఉన్న కేబుల్ మీద బోదో తన యంత్రాన్ని పరీక్షించి నెగ్గాడు. అదే ఏడాది ఇటలీ తన దేశంలోని లైన్లకు దాన్ని తీసుకుంది. 1890 జనవరిలో పెళ్లి చేసుకున్నాడు, అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. 1894 ఏప్రిల్‌లో రీట్రాన్స్‌మిటర్ అనే కొత్త యంత్రంతో పారిస్, మిలాన్ స్టాక్ ఎక్స్‌చేంజీలను ఒకే తీగతో కలిపాడు. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, బ్రెజిల్, బ్రిటన్, జర్మనీ ఒకదాని వెనక ఒకటి చేరాయి. 1897లో ఆపరేటర్ టక్ చప్పుడు కోసం ఎదురుచూసే బాధ కూడా తగ్గింది. ముందే కాగితపు టేపు మీద 5 వరసల్లో రంధ్రాలు చేసుకుని, దాన్ని రీడర్‌లో పెడితే చాలు.

1903 మార్చి 28న, పారిస్ దగ్గర సో అనే ఊళ్లో బోదో చనిపోయాడు. 57 ఏళ్లు.

బండి ఎప్పుడొచ్చింది?

బోదో యంత్రంలో క్యారేజ్ రిటర్న్ లేదు. అవసరమే లేదు. అది సన్నటి కాగితపు పట్టీ మీద ఒకే వరసలో అచ్చువేస్తూ పోయేది. లైనే మారనప్పుడు బండి వెనక్కి రావడం ఎందుకు? మీ ఇంట్లో తాతగారి పెట్టెలో పాత టెలిగ్రాం దొరికితే చూడండి, ఫారం మీద అలాంటి పట్టీలు అతికించి ఉండొచ్చు.

న్యూజిలాండ్‌లో పుట్టిన డొనాల్డ్ మరే ఆ కోడ్‌ని 1901లో మార్చాడు. టైప్‌రైటర్ లాంటి కీబోర్డు పెట్టి, పేజీ మీద అచ్చు వేయాలనుకున్నాడు. పేజీ అన్నాక లైను చివర రెండు పనులుంటాయి. కాగితాన్ని మోసే బండి మళ్లీ మొదటికి రావాలి. కాగితం ఒక మెట్టు పైకి జరగాలి. మొదటిది క్యారేజ్ రిటర్న్, రెండోది లైన్ ఫీడ్. బోదో షిఫ్ట్‌కి చేసినట్టే, మరే వీటికీ చెరో కోడ్ ఇచ్చాడు. బోదో కోడ్ తర్వాత అంతర్జాతీయంగా మొదటి నంబర్ టెలిగ్రాఫ్ అక్షరమాల అయింది, మరే దారిలో వచ్చింది రెండో నంబర్ అయింది. టేపు మీద తప్పు కొడితే దిద్దే ఉపాయం ఆ రెండో దాంట్లో ఉంది. 5 రంధ్రాలూ కొట్టేయడమే! ఏ అక్షరం మీద కొట్టినా అది మాయం. టేపు మీదే ఓవర్‌రైట్ అన్నమాట. 1963లో వచ్చిన యాస్కీలో డిలీట్ నంబర్ 127 అవడానికి కారణం కూడా ఇదే, 7 బిట్లూ ఒకట్లే. అందులోనే క్యారేజ్ రిటర్న్‌కి 13, లైన్ ఫీడ్‌కి 10 ఖాయమయ్యాయి.

బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్, సీ పుట్టినప్పుడు వాళ్ల ముందున్నది స్క్రీన్ కాదు, టెలిటైప్ మోడల్ 33. 110 బాడ్, సెకనుకు 10 అక్షరాలు. లినక్స్‌లో మనం ఇప్పటికీ చూసే టీటీవై ఆ టెలిటైప్‌కి పొట్టి పేరు. సీ లో బ్యాక్‌స్లాష్ ఎన్ ఒక్కటి రాస్తే, టెర్మినల్ డ్రైవర్ దాన్ని 13, 10 రెండుగా మార్చి పంపుతుంది. ఆర్ ఒక్కటే రాస్తే బండి వెనక్కి వస్తుంది, కాగితం కదలదు. కాగితం మీద అలా చేస్తే అక్షరం మీద అక్షరం పడి నల్లటి మసి. గాజు తెర వచ్చాకే పాత అక్షరం పోయి కొత్తది నిలిచింది.

ఒక ఇంటర్వ్యూలో నాకు కౌంట్‌డౌన్ రాయమన్నారు, 10 నుంచి 0 వరకు, ఒకే లైన్లో. రాశాను. ముందు ఏమీ కనిపించలేదు. టెర్మినల్‌కి వెళ్లే అవుట్‌పుట్ లైను పూర్తయ్యేదాకా బఫర్‌లో ఆగుతుందని, ఎఫ్‌ఫ్లష్ పెట్టాలని గుర్తొచ్చింది. పెట్టాను. 10 తర్వాత 90 వచ్చింది. తర్వాత 80, 70. నాకు చెమటలు పట్టాయి. లాజిక్ మొత్తం తిరగేశాను, తప్పు దొరకలేదు. ఉద్యోగమూ రాలేదు. లాజిక్ తప్పు కాదు. క్యారేజ్ రిటర్న్ బండిని వెనక్కి తెస్తుంది, ఏదీ చెరపదు. 10లోని 1 మీద 9 పడింది, పక్కనున్న సున్నా అలాగే మిగిలింది. ప్రింట్‌ఎఫ్‌లో వెడల్పు 2 అని చెప్పి ఉంటే 9 ముందు ఒక ఖాళీ వచ్చి సరిపోయేది. లేదా ఎస్కేప్, చదరపు బ్రాకెట్, పెద్ద కే పంపితే లైన్లో మిగిలింది తుడిచిపెట్టేది.

బాడ్ గురించి కూడా ఒక మాట. దీన్ని సెకనుకు ఎన్ని బిట్లు అని చెప్పి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. సెకనుకు తీగ మీద సంకేతం ఎన్నిసార్లు మారగలదో అది బాడ్. పాత వీ.32 మోడెమ్ 2400 బాడే, కానీ ఒక్కో మార్పులో 4 బిట్లు ఇమిడ్చి 9600 బిట్లు పంపేది. ఆర్డుయినోలో ఒక మార్పుకు ఒక బిట్టే కాబట్టి రెండూ ఒకటైపోయి మనల్ని మోసం చేస్తాయి.

1949లో ఫ్రెంచ్ తపాలా శాఖ బోదో బొమ్మతో స్టాంపు వేసింది. మీ దగ్గర లినక్స్ ఉంటే టెర్మినల్ తెరిచి ఎస్‌టీటీవై అని కొట్టండి. మొదటి లైన్లో స్పీడ్ 38400 బాడ్ అని వస్తుంది. మీ ల్యాప్‌టాప్ విండోలో తీగ లేదు, బ్రష్ లేదు, ఆ వేగానికి నిజంగా అర్థమూ లేదు. ఆ పేరు మాత్రం ఇంకా అచ్చవుతూనే ఉంది.